కోఁతి, కొండముచ్చు: కృష్ణాముఖసీమ వానరనామవిచారము

తెలుఁగుదేశమునఁ దఱచుగాఁ గానవచ్చు వానరజాతులు మూఁడు. వానిని జెప్పుటకు మనకుఁ గల దేశ్యనామములు రెండు. నల్లని మొగము, బూడిదవన్నె మేను, మిక్కిలి పొడవైన తోఁక గల జంతువును గొండముచ్చందుము. తక్కిన రెండుజాతులను వేఱుపఱుపక కోఁతి యనియే వ్యవహరింతుము. ఈ రెండు కోఁతులును జూచుటకు నొకపోలికగా నున్నను తోఁకపొడవుచేతను, తలవెండ్రుకల తీరుచేతను, పుట్టినసీమలచేతను భిన్నములు. ఇన్ని నామములకుఁ బ్రసిద్ధమైన మనభాషలో నీ భేదమునకు మాట యేల పుట్టలేదో, ఆ కొఱఁత యిప్పు డేల బాధించుచున్నదో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఇందులకు మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమలను జూపుస్థలముగా నెన్నికొనుటకుఁ గారణము గలదు. ఈ జాతుల నడుమ నెల్లగా శాస్త్రజ్ఞులు చెప్పిన నదులు సముద్రమును జేరు తావునకు సమీపమున నీ సీమ యున్నది. వానరజాతులు వేఱైన సీమలతోఁ దెలుఁగువారికి సంబంధము గల్పించిన రేవును నిదియే.

ముందుగా శబ్దములను జూతము. కోఁతి యనుదానికిఁ గ్రోఁతి ప్రాచీనరూపము. క్రింద కిందయైనట్లు క్రావడి లోపించి కోఁతియైనది. తమిళమునఁ గురంగు, మలయాళమునఁ గురఙ్ఙు. కన్నడమునఁ గోతియుఁ గోడగయుఁ గలవు. తమిళపుఁ గురంగుతో మన క్రోఁతికిఁ జుట్టఱికము గలదని తలంచుటకుఁ దెలుఁగువర్ణపరిణామము తోడుపడును. తమిళమున మరమన్నది మనకు మ్రాను. అచ్చటి వరై యన్నది యిచ్చట వ్రాయుట. అచ్చుల నడుమ నుండిన రేఫ మొదటిహల్లు నంటుకొనుట తెలుఁగునకు సహజము. మగకోఁతిని దిమ్మఁడనుటయుఁ గలదు. కోఁతుల నాడించి జీవించినవారి నోట నీమాట యెక్కువగా నాడినది.

కొండముచ్చను పదము విషయమున మాత్రము మన పండితులలో నొక పొరపాటు వాడుకలో నున్నది. ముచ్చనఁగా దొంగ గనుకఁ గొండలలోని దొంగయే కొండముచ్చని పెక్కుఱు చెప్పుదురు. దొంగముచ్చను జంటపదము చెవికిఁ బరిచితమై యుండుటచే నీ యర్థము సులభముగాఁ దోఁచును. కాని తమిళమున నీ జంతువునకే ముసు వనియుఁ, గన్నడమున ముసు, ముసువ యనియుఁ బేళ్లు గలవు. ఆ భాషలలో నీ మాటలకు దొంగతనముతోఁ బనిలేదు. కావున మన ముచ్చు నా ముసువునకు సోదరమే కాని చోరవాచకము కాదు. దొంగయను నర్థము గల ముచ్చు వేఱుమాట యుండుటచే, నీ రెంటికిని భ్రాంతి గలుగకుండఁ గొండ ముందు చేరినదని నాయూహ. ఆ విశేషణము సార్థకమే. బందరునుండి పడమరగా విజయవాడ సమీపించువఱకుఁ గొండ యనుమాటకుఁ దగినది కంటఁబడదు. గుడివాడలోను ఘంటసాలలోను నెత్తుగా నుండినవి బౌద్ధస్తూపముల దిబ్బలు. ఇట్టి సమభూమివారికిఁ గోఁతి ఊరిజంతువు, ముచ్చు కొండజంతువు.

ఈ భేదమును మనవారు చక్కఁగ నెఱుఁగుదురనుటకు సామెతయే సాక్ష్యము. కొండముచ్చు పెండ్లికిఁ గోఁతి పేరంటాలన్నప్పుడు రెండును వేఱుజాతులనియు, నొకదానిశుభమునకు వేఱొకటి ముత్తైదువగా వచ్చునంత బంధుత్వము గలవనియుఁ జెప్పినట్లైనది. తాఁ జెడ్డకోఁతి వనమెల్లఁ జెఱచుట, కోఁతికిఁ గొబ్బరికాయ దొరకుట మొదలైనవానిలో నెల్లఁ గోఁతియే కాని కొండముచ్చు లేదు. ఇండ్లకును దోఁటలకును దగ్గఱగా బ్రదుకు జంతువు సామెతల కెక్కుట సహజము.

సంస్కృతమున నామములు విస్తారము. అమరసింహుఁడు కపి, మర్కటము, శాఖామృగము మొదలుగాఁ దొమ్మిదింటిని బర్యాయములుగాఁ గూర్చినాఁడు. అవి యన్నియు నొకజాతికే పేళ్లో, వేఱువేఱు జాతులవో యా పట్టికవలనఁ దెలియదు. వాల్మీకి యంతకంటె మేలు. రామాయణమున గవాక్షుఁడు గోలాంగూలములకు నాయకుఁడు. గోవు తోఁకవంటి తోఁక గలది గోలాంగూలము. ఇదియే కొండముచ్చని వ్యాఖ్యాతలు గ్రహించిరి. హిందీ లంగూర్ శబ్దమును లాంగూలమునుండి వచ్చినదే. కావున సుగ్రీవసేనలో ముచ్చులదండు వేఱుగాఁ గలదని కవి యెఱిఁగియే వ్రాసినాఁడు. మన కావ్యములలో నీ జాగ్రత్త నిలువలేదు. వలీముఖము, కీశము, ప్లవగము, కపి యనువానిలో నేది యతికిఁ గుదిరిన నది, ఏది ప్రాసకుఁ గలిసిన నది పద్యమునఁ బడినది. రంగనాథరామాయణము మొదలు మొల్ల వఱకును మనకు రామకథలకుఁ గొదువలేదు. వానినుండి యొక వానరముయొక్క రూపమును దెలిసికొనఁగోరినచో నాశాభంగమే. ఇది కవులను నిందించుట గాదు. వారి కథ వేఱు.

కిష్కింధను హంపీపరిసరములందు, తుంగభద్రాతీరమున నానెగొంది చెంతఁ జూపుదురు. ఆ తుంగభద్రయే కృష్ణలోఁ గలిసి హంసలదీవికడ సముద్రమును జేరుచున్నది. వానరులు మనుష్యులా, మృగములా యను పాతవాదముతో నిచటఁ బనిలేదు. ఆ బండలమీఁద నేఁడు కానవచ్చు వానరములు కొండముచ్చులును, దక్షిణదేశపుఁ గోఁతులును. ఈ దక్షిణదేశపుఁ గోఁతియే మన విచారమునకు ముఖ్యమైనది గనుక దాని లక్షణములను గొంచెము విడమరచి చెప్పెదను.

దీని తోఁక మేనిపొడవునకు సమానముగనో, యింకను బొడవుగనో యుండును. నడినెత్తిని సుడి యుండి, అందుండి వెండ్రుకలు కిరణములవలె నన్నివైపులకుఁ బరచుకొనును. చూచువారికిఁ జిన్నకుళ్లాయి పెట్టినట్లు తోఁచును. నొసలు నున్నగా నుండును. శాస్త్రజ్ఞులు దీనికి మకాకా రేడియాటా యని పేరిడిరి. 1812లో జెఫ్రోయ్ యను ఫ్రెంచిపండితుఁడు మొదట దీనిని వర్ణించెను. రేడియాటా యనఁగా గిరణములు గలదని యర్థము. ఇది భారతదేశపు దక్షిణద్వీపకల్పమునఁ దక్క లోకమున మఱెచ్చటను స్వభావముగాఁ బుట్టినది కాదు. రెండవది యుత్తరదేశపుఁ గోఁతి, మకాకా ములాటా. దీని తోఁక మేనిలో సగముపాటిది. తలపైఁ గుళ్లాయి లేదు. నడుమునుండి వెనుకభాగము వఱకు నారింజవన్నె కలిసిన యెఱుపుచాయ యుండును. ఇది హిమాలయములనుండి చీనావఱకును, ఇట్లు దక్షిణమునఁ దెలుఁగుదేశపు నుత్తరభాగములవఱకును వ్యాపించినది.

పూర్వగ్రంథములలో నీరెంటికిని నెల్ల పడమట తపతి, తూర్పున గోదావరి. 1981లో ఫూడెను, మహాబలుఁడు, సాహాలు బొంబాయి ప్రకృతిశాస్త్రసంఘపుఁ బత్రికయందు నీయెల్లను మఱల విమర్శించి వ్రాసిరి. పూర్వపులెక్కనుబట్టి చూచినచో గుడివాడయు, బందరును, దివిసీమయు గోదావరికి దక్షిణమున నుండుటచేఁ గుళ్లాయి గల కోఁతికిఁ జెందినవి. ఎల్లను గృష్ణకు జరిపి చూతమన్నచోఁ బులిగడ్డయొద్ద నది రెండుపాయలై దివిసీమను నడుమ నుంచుకొనును గనుక నా దీవి యేవైపునకుఁ జెందునో చెప్పుట సరదాగా నుండును. నదులు దుర్గప్రాకారములు కావు. కోఁతులకు నీఁదుట తెలియును. అయినను వెడల్పయిన నదియు, దానికిరువైపుల వేఱువేఱుగాఁ బెరిగిన యడవులును వేలయేండ్లు రెండుజాతులను దూరముగా నుంచినవి.

కొండముచ్చులకును నిట్టి యెల్లయే కలదు. ఉత్తరపు ముచ్చు నడచునప్పుడు తోఁకను వీఁపుమీఁదుగాఁ దలవైపునకు వంచును. దక్షిణపు ముచ్చు తోఁకను వెనుకకు వంపు తిరిగినట్లు మోయును. రూన్వాల్ అను జంతుశాస్త్రజ్ఞుఁడు దేశమంతటను బరిశీలించి, యీ మార్పు తపతీగోదావరుల వరుసననే కలుగుచున్నదని నిరూపించెను. ఒక్క తోఁకవంపును బట్టి యిది యేసీమ ముచ్చో చెప్పవచ్చుననుట బడిపిల్లలకుఁ జెప్పినచో నెన్నఁడును మఱువరు.

ఇప్పుడు మనప్రశ్నకు సమాధానము దొరకును. గోదావరి కావలివారికిఁ గోఁతి యన్న నొకటే జంతువు, ఈవలివారికి నొకటే. ఎవరిసీమలో వారు రెండింటిని గలిపి చూచినది లేదు. చూడనిదానికి భేదనామ మేల పుట్టును? కొండముచ్చును గోఁతిని నేయూరివాఁడైనను బ్రక్కప్రక్కల జూచియుండును గనుక రెండునామములు నిలిచినవి. రెండుకోఁతులను నదులే వేఱుపఱిచినవి గనుకఁ బదము వేఱుపఱుపవలసిన పని లేకపోయెను. తమిళునకుఁ గురంగనఁగా దక్షిణజాతి మాత్రమే. కాశిలోనివానికి బందరనఁగా నుత్తరజాతి మాత్రమే. వారిభాషల కీ చిక్కు లేదు. మహారాష్ట్రులతోఁ బాటు తెలుఁగువారికి మాత్రమే యెల్ల తమయింటి నడుమనుండి పోవుచున్నది. ఒకేమాట రెండుగట్లమీఁద రెండుజంతువులను జెప్పుచు వచ్చినది.

బందరను మాట వచ్చినది గనుక దానిని విడిచి పోరాదు. ఉత్తరదేశపువారు మచిలీపట్టణమునకు వచ్చి, యీయూరిపేరు బందరని విని నవ్వుకొనుట కలదు. వారిభాషలో నది కోఁతి. ఈ రెండుశబ్దములకును సంబంధము లేదు. రేవని యర్థమైన మనబందరు పారసీకమునుండి వచ్చినది. గోలకొండసుల్తానుల ప్రధానమైన రేవగుటచే నాపేరు దీనికి స్థిరపడినది. హిందీబందరు సంస్కృతవానరశబ్దమునకు వికృతి: నకార రేఫముల నడుమ దకారము చేరి, వకారము బకారమైనది. సింహళమున వఁదురా యనుదానిలోఁ గూడ నీ దకారమే చేరినది. శ్యామదేశమున నదే శబ్దము వానొనై కావ్యభాషయందు నిలిచియున్నది. ఇన్నిదేశములు సంస్కృతవానరమును దమనాలుకకుఁ దగినట్లు మార్చుకొనఁగా, మనము తత్సమముగానే యుంచుకొని లోకవ్యవహారమునకుఁ గ్రోఁతినే వాడుకొంటిమి.

రేవైన బందరు వానరచరిత్రకు వేఱొకవిధమునఁ బనికివచ్చును. 1605లో ఒలందావారును, 1611లో నింగ్లీషువారును నిచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. ఊరిలోని వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యనునవి యా దినముల గుఱుతులే; పరాసులనఁగా ఫ్రెంచివారు. 1611లో నింగ్లీషువారిని బందరునకుఁ దెచ్చిన గ్లోబను నోడ యంతటితో నాగక తూర్పునకు సాగి, మఱుసటియేఁడు పటానికిని శ్యామరాజధాని యయోధ్యకును జేరెను. బందరునద్దకపువస్త్రములు శ్యామమునకును, మలయాద్వీపములకును బోవుచుండెను. తెన్నాసరి, పెగూరేవులనుండి యేనుఁగులును, దగరమును వచ్చుచుండెను. శ్యామరాజు నారాయణుని కాలమున (1656–1688) మెర్గూయిరేవునకు షాబందరుగా నుండిన సామ్యుయేల్ వైటను నింగ్లీషువాఁడు గోలకొండవారి యోడలను గొల్లఁగొట్టి కలహము దెచ్చెను. షాబందరనఁగా రేవుదొర. కోఁతి యర్థము గల బందరు అస్సామువఱకు నాఁగఁగా, రేవర్థము గల బందరు సముద్రము దాఁటి మలయాభాషలో నేఁటికిని నిలిచియున్నది.

ఈయోడలు పోయిన తీరములలోనే మనదేశపుఁ గావ్యము లెఱుఁగని వానరమొకటి గలదు. దానిని యూరోపీయులు గిబ్బనందురు. దీనికిఁ దోఁక లేదు. చేతులు కాళ్లకంటె మిక్కిలి పొడవు. కొమ్మనుండి కొమ్మకుఁ జేతులతోనే యూఁగుచుఁ బోవును, నేలకు దిగుట యరుదు. ఆలుమగలు జంటగా నుండి, తెల్లవాఱుజామున మైలుదూరము వినఁబడునట్లు వంతుపాట పాడుదురు. శ్యామదేశీయులు దీనిని చనీ యందురు. మగని బోఁగొట్టుకొన్న యొకస్త్రీ యీరూపమును బొంది, మగనికై యఱచుచున్నదని వారి కథ. క్రౌంచమిథునముతో రామాయణము మొదలైనదని చదువు మనకీ కథ వింతగాఁ దోఁపదు. లీనియసు 1771లో నీజాతియొక్క తెల్లచేతుల భేదమును మనుష్యులతోఁ గలిపి హోమో లార్ అని పేరు పెట్టెను. తోఁక లేని వానరము మనుష్యునికి దగ్గఱచుట్టమను తలంపుచేతనే గావచ్చును.

గిబ్బనను మాట యూరోపునకుఁ బోయిన దారి తెలుఁగుపండితులు తెలిసికొనఁదగినది. ఫ్రెంచిప్రకృతిశాస్త్రజ్ఞుఁడు బుఫోన్ తన బృహద్గ్రంథమునందలి 1766వ సంవత్సరపు సంపుటమున దీనిని వర్ణించుచు, నీనామము తనకు డూప్లేవలన వచ్చినదని చెప్పినాఁడు. డూప్లే యనఁగా 1742 మొదలు 1754 వఱకుఁ బుదుచ్చేరికి గవర్నరైన వాఁడు. అతని కాలముననే, 1750లో, బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చి, 1759 ఏప్రిలులో ఫోర్డుదొర ముట్టడివఱకు వారియధీనమున నుండెను. ఏయోడ యేరేవునుండి యాజంతువును గొనిపోయెనో చెప్పు పని మనకు లేదు. చోళమండలతీరమును, గిబ్బనులుండు తీరములను జేర్చిన వర్తకమార్గముమీఁదనే యీమాటయుఁ బయనించినదని గ్రహించిన నంతే చాలును.

భారతదేశమున గిబ్బనులు లేకపోలేదు. అస్సామును దాని చుట్టుప్రక్కల కొండలును వానికి స్థానము. బ్రహ్మపుత్రకు దక్షిణమున, జోర్హాటుమండలమందలి హొల్లొంగాపార్ వనము వానికొఱకే రక్షింపఁబడుచున్నది. అస్సామువారు దానిని హలౌ బాందర్ అందురు: తోఁక లేకపోయినను వారికి నది బందరే. అచ్చటను నెల్ల నదియే. బ్రహ్మపుత్ర దాఁటి యుత్తరమునకు గిబ్బను పోలేదు. తెలుఁగుపాఠ్యపుస్తకములలో దీనిని దోఁకలేని కోఁతి యని వ్రాయుట కలదు. అంతకంటె గిబ్బనను మాటనే యుంచుకొనుట మేలు. లేనిదానిని జెప్పి యున్నదానిని జూపలేము.

మనదేశపువానరములకు యూరోపీయు లిడిన నామములు చూచిన నాశ్చర్యము గలుగును. ఉత్తరపుకొండముచ్చునకు డుఫ్రేన్ 1797లో నెంటెల్లసని పేరుపెట్టెను. అతఁడు వర్జిలుకవి మహాకావ్యమున ముష్టియుద్ధము చేసిన వృద్ధవీరుఁడు. దక్షిణపుముచ్చునకు 1844లో కలకత్తా ఆసియాటిక్ సంఘపు వస్తుశాలాధికారి బ్లైత్ ప్రయామని పేరుపెట్టెను. అతఁడు ట్రాయినగరపు ముదుసలిరాజు. ఉత్తరపుఁ గోఁతికి నొడ్బేరను చిత్రకారుఁడు రీససని పేరుపెట్టెను. హోమరుకావ్యమున రీససు ట్రాయివారికి సాయము వచ్చి నిద్రలోఁ జంపఁబడిన థ్రేసుదేశపురాజు. మూఁడును ట్రాయికథకుఁ జెందిన పేళ్లే. రామకథలో వానరసేనకు నాయకులను గూర్చిన దేశపు జంతువులకు వారు తమ యితిహాసమునుండి పేళ్లు తెచ్చియిచ్చిరి. ఒక్క కుళ్లాయికోఁతికి మాత్రమే యితిహాసనామము రాలేదు. చూచినదానినే పేరుగాఁ బెట్టిరి.

రీససునామము మఱియొకదారిని మనయింటిలోని కెల్లఁ బ్రవేశించినది. 1940లో లాండ్‌స్టైనరు, వీనరు లనువా రీకోఁతి రక్తముతోఁ జేసిన పరీక్షలవలన మనుష్యరక్తమునఁ గల యొకభేదమును గనుఁగొని, దానికి రీససులోని రెండక్షరములతో ఆర్‌హెచ్ అని పేరిడిరి. నేఁడు గుడివాడలోఁగాని, యవనిగడ్డలోఁగాని గర్భిణి చేతిలోని రక్తపరీక్షచీటిపైఁ బాజిటివనియో, నెగటివనియో వ్రాసియున్నదానిలో థ్రేసురాజు పేరుగల యుత్తరదేశపుఁ గోఁతి దాగియున్నది. 1955లో వచ్చిన పోలియోటీకామందునకును దీని మూత్రపిండములే యాధారమైనవి. అందుకై వేలకొలఁది కోఁతులు విదేశముల కెగుమతియగుచుండఁగా, భారతప్రభుత్వము 1978లో నాయెగుమతిని నిషేధించినది.

ఇంతవఱకుఁ జెప్పినది పూర్వస్థితి. దానిని మనుష్యులే చెఱిపిరి. 1855లో విజయవాడకడ కృష్ణకు నానకట్ట ముగిసి, కాలువలు బందరువఱకును బాఱినవి. బీళ్లును జిట్టడవులును వరిచేలైనవి. 1900లో గోదావరిపై హేవలాకువంతెనమీఁద రైళ్లు నడిచెను. 1957లో ప్రకాశము బారేజి కృష్ణకు రాచబాట వేసెను. కోఁతులు వంతెనమీఁద నడిచివచ్చినవని నేననుట లేదు. బాటలకిరుప్రక్కల నూళ్లు పెరిగినవి. యాత్రికు లిచ్చు నరఁటిపండ్లును, దేవాలయముల ప్రసాదములును వానికిఁ గొత్తయడవులైనవి. అన్నిటికంటె ముఖ్యకారణము వేఱు. ఒకయూరివారు బాధపడలేక కోఁతులను బోనులలోఁ బట్టించి, లారీల కెక్కించి, దూరపు కొండదాపునఁ గాని, వేఱొకయూరి పొలిమేరనుగాని విడిచిపెట్టిరి. ఆ లారీ యేనదిని దాఁటినదో, అందలివి యేజాతివో యెవరును జూడరు. వేలయేండ్లు నదులు కాచిన యెల్ల యొకరాత్రి ప్రయాణమునఁ దెగిపోవుచున్నది.

కుమారుఁడు, రాధాకృష్ణ, సిన్హా యను శాస్త్రజ్ఞులు 2011లోఁ బ్రకటించిన పరిశోధనమున నుత్తరపుఁ గోఁతి దక్షిణమునకుఁ జొచ్చుకొని వచ్చుచున్నదనియు, నది వచ్చినమేరఁ గుళ్లాయికోఁతి తొలఁగుచున్నదనియు, మనుష్యులు తరలించుటయే యిందులకు ముఖ్యహేతువులలో నొకటియనియుఁ జెప్పిరి. మైసూరుప్రాంతమున బాటలవెంబడి మఱ్ఱిచెట్లు కొట్టివేయఁబడుటచే నీజాతి మిక్కిలి తఱిగినదని యచ్చటి పరిశోధకులు మఱియొకచోట వ్రాసిరి. సామాన్యమని యుపేక్షింపఁబడిన యీకోఁతిని, 2020లో నంతర్జాతీయ ప్రకృతిరక్షణసంఘము ప్రమాదమునకు లోనైనవాని వరుసలోఁ జేర్చినది. వీధిలోఁ గొబ్బరిచిప్ప నెత్తుకొనిపోవు జంతువు తఱిగిపోవుచున్నదనుట చాలమందికి నమ్మశక్యము కాదు. కోఁతులు పెరుగుచున్నవనియే రైతు చెప్పును; అతఁడు చెప్పునదియు నిజమే. ఏకోఁతి యను ప్రశ్న మాత్రము అతని నోట లేదు, మాట లేదు గనుక.

రైతుకష్టమును దక్కువగాఁ జెప్పుట నాయుద్దేశము గాదు. చేనిలో మొక్కజొన్న కంకులు, ఇంటిపెరటిలో జామ, కొబ్బరిపిందె దక్కని యూళ్లు తెలుఁగునాట నెన్నో కలవు. తెలంగాణమున నిర్మలుకడ 2020 డిసెంబరులోఁ గోఁతుల రక్షణ, పునరావాసములకొఱకుఁ బ్రత్యేకముగా నొకకేంద్రమును దెఱచిరి. మఱికొన్నియూళ్లలోఁ గొండముచ్చు బొమ్మలను గుడ్డపై నచ్చువేయించి గోడలకుఁ గట్టుచున్నారు. ముచ్చును జూచి కోఁతి బెదరునని నమ్మకము. సామెతలోని పేరంటాలికి నేఁడు పెండ్లియింటివారే బెదరింపైరి.

ఇఁక మాటలేకపోవుటవలనఁ గలుగు చిక్కు వ్యాకరణమునకే పరిమితము గాదనుటకు శాసనమే నిదర్శనము. 1972 వన్యప్రాణిసంరక్షణశాసనము 2022లో సవరింపఁబడి, 2023 ఏప్రిలు 1వ తేదినుండి యమలునకు వచ్చినది. ఆసవరణచే నుత్తరపుఁ గోఁతి రక్షితజంతువుల పట్టికలనుండి తొలఁగినది. కుళ్లాయికోఁతి మాత్రము మొదటిపట్టికకు నెక్కినది. అచ్చటి జంతువులకుఁ జేయు హింసకు శిక్ష యన్నిటికంటెఁ దీవ్రము. శాసనమూలమున రెండు లాటిననామములును స్పష్టముగా వేఱుగా నున్నవి. తెలుఁగున వ్రాసిన పంచాయతీతీర్మానమునఁ గోఁతులను బట్టించుటకుఁ దీర్మానించితిమని వ్రాసినచో, అది యొకజాతివిషయమున నొకవిధము, వేఱొకజాతివిషయమున వేఱొకవిధము. చదివినవాఁ డేకోఁతి యని యడిగినచో వ్రాసినవానికి బదులు చెప్ప మాట లేదు. ఒకశబ్దమునకు రెండర్థములుండుట కావ్యమున శ్లేష. న్యాయస్థానమున నది శ్లేష కాదు.

కావున రెండుమాటలు కావలెను. ఎఱ్ఱకోఁతి, నల్లకోఁతి యనుట చెల్లదు. దక్షిణజాతియందు నాఁడుకోఁతులకుఁ బలుమాఱు మొగము కెంపెక్కును గనుక రంగు నమ్మఁదగినది కాదు. తలయుఁ దోఁకయు నమ్మఁదగినవి. దక్షిణజాతికిఁ గుళ్లాయికోఁతి యనియు, నుత్తరజాతికిఁ గుఱుచతోఁక కోఁతి యనియు నేను వాడుచున్నాను. కుళ్లాయి పారసీకమూలమైనను దెలుఁగునకుఁ గ్రొత్త గాదు. శ్రీనాథుని పేరఁ బ్రసిద్ధమైన చాటువునకే యెక్కినమాట. బందరువంటి మాట యది: వచ్చినచోటు వేఱు, నిలిచినచోటు మనది. కుళ్లాయికోఁతి యను సమాసమును జదువురానివాఁడైనను విన్నంతనే జంతువును బోల్చుకొనఁగలఁడు. ఇంతకంటె మంచిమాట మనపల్లెలలో నెవరినోటనైన నున్నచో దానినే గ్రహింపవలసినది. పుస్తకమునఁ బుట్టిన పేరుకంటె నోటఁ బుట్టిన పేరు మేలు.

పండితులు తమతమ గ్రామములలో నీవిషయమును బరీక్షించుటకు యంత్రము లక్కఱలేదు. రాలుగాయ తినుటకుఁ గోఁతి గోడపైఁ గూర్చున్నప్పుడు తోఁక నేలవైపు వ్రేలాడును. అది మేనియంతయున్నదా, సగమేనా యని చూచి, నడినెత్తిపై సుడి యున్నదా లేదా యని రెండవమాఱు చూచిన నిశ్చయమగును. దివిసీమలోఁ గృష్ణపాయల రెండుగట్ల యూళ్లును, గుడివాడనుండి బందరువఱకుఁ గాలువగట్ల యూళ్లును, ఊరిపేరు, తేది, తోఁక, సుడి యను నాలుగు గళ్లుగల యొక కాగితమున నెక్కింపఁదగినవి.